సిగ్నల్ దగ్గర మూగనోము
పాఠకుల ప్రశ్నలకు పాత మెకానిక్ జవాబులు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకటే గోల. బండి ఆగగానే ఇంజన్ దానంతటదే ఆగిపోయి, బ్రేకు మీద నుంచి కాలు తీయగానే మళ్లీ లేచే ఏర్పాటు ఉంది చూశారూ, అదే ఆటో స్టార్ట్-స్టాప్, దాని మీదే అన్నీ. కొందరికి ఇంజన్ ఆగట్లేదట. కొందరికి ఆగింది లేవట్లేదట. ఇంకొందరికి అసలది కారులో ఉండటమే గిట్టదు. అందుకని టైర్ల ఉత్తరాలు, మైలేజీ ఉత్తరాలు వచ్చే నెలకు నెట్టేసి ఈసారి దీని సంగతే చూద్దాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆగకపోవడం వేరు, ఆగి లేవకపోవడం వేరు. ముప్పై ఏళ్లు సెల్ఫ్ మోటార్లు (ఇంజన్‌ను తిప్పి లేపేవి), ఆల్టర్నేటర్లు (ఇంజన్ ఆడుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేవి) విప్పి బిగించినవాణ్ణి. మొదటిదానికి హైరానా పడి పరిగెత్తుకొచ్చేవాళ్లే, రెండోదాన్ని "అప్పుడప్పుడూ మామూలేలే" అని వదిలేయడం చూశాను. కంగారు పడాల్సింది రెండోదానికి.

ప్రశ్న: కారు కొని మూడేళ్లయింది. కొత్తలో ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజన్ ఆగేది. ఇప్పుడు వారానికి ఒకసారి ఆగితే గొప్ప. రెండుసార్లు సర్వీసుకిచ్చాను. స్కానర్ పెట్టి చూసి "ఏ లోపమూ లేదు సార్" అని పంపించేశారు. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉన్నట్టు. ఆఫీసు ఇంటికి నాలుగు కిలోమీటర్లే, బండిని పెద్దగా తిప్పింది కూడా లేదు. లోపం లేకపోతే ఎందుకు ఆగదు?

జవాబు: స్కానర్ అబద్ధం చెప్పలేదు. అది వెతికేది చెడిపోయినదాన్ని. మీ బండిలో ఏదీ చెడిపోలేదు కనుక దానికేమీ దొరకలేదు.

ఇంజన్ ఆపే ముందు కారు ఒక లెక్క వేసుకుంటుంది. ఇప్పుడు ఆపితే మళ్లీ లేపగలనా? ఆపినంతసేపూ లోపలివాళ్లకు ఇబ్బంది లేకుండా చూడగలనా? ఆఫీసు ఫైలు లాగా దీనికి చాలా సంతకాలు పడాలి. ఇంజన్‌లో నీళ్లు తగినంత వేడెక్కి ఉండాలి. క్యాబిన్ మీరు పెట్టిన చల్లదనానికి దగ్గరికి వచ్చి ఉండాలి. ముందు అద్దం మీద ఆవిరి పోగొట్టే బటన్ వేసి ఉండకూడదు. స్టీరింగ్ బాగా తిప్పి ఉండకూడదు, రోడ్డు మరీ ఏటవాలుగా ఉండకూడదు. డ్రైవరు బెల్టు పెట్టుకుని ఉండాలి, తలుపులు, బానెట్ మూసి ఉండాలి. బ్రేకు తొక్కే కాలికి బలం తోడిచ్చే బూస్టర్‌లో వ్యాక్యూమ్ నిల్వ ఉండాలి. డీజిల్ బండయితే పొగగొట్టంలోని ఫిల్టర్ ఆ సమయంలో మసి కాల్చుకుంటూ ఉండకూడదు. వీటిలో ఒక్క సంతకం తగ్గినా ఫైలు కదలదు, ఇంజన్ ఆడుతూనే ఉంటుంది. కారు దీన్ని లోపం కింద రాసుకోదు. దాని దృష్టిలో అది జాగ్రత్త.

ఇన్నిటిలోనూ ఎక్కువసార్లు సంతకం పెట్టనని మొరాయించేది బ్యాటరీయే. ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది అన్నారు. ఈ మాట నేను వినని వారం లేదు. పొద్దున ఇంజన్ లేపడమంటే రాత్రంతా పడుకుని లేచిన మనిషి ఒక్క సెకను పాటు బలంగా ఒక తోపు తోయడం. సిగ్నల్ దగ్గర కథ వేరు. ఇంజన్ ఆగితే ఆల్టర్నేటర్ కూడా ఆగుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్లు, పాటలు, తెరలు అన్నిటినీ బ్యాటరీ ఒక్కటే మోయాలి. అలా నిమిషం పాటు మోసి, అప్పుడు మళ్లీ సెల్ఫ్ మోటారును తిప్పాలి. రోజుకు ఇరవై సార్లు. పొద్దున పాసైన బ్యాటరీ ఇక్కడ ఫెయిలవడంలో వింతేమీ లేదు.

కారుకు ఇదంతా ఎలా తెలుస్తుందంటారా? బానెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ చూడండి. చాలా కార్లలో ఆ క్లాంపుకే అతుక్కుని అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఉంటుంది, దాన్నుంచి సన్న వైరు వస్తుంది. అదే బ్యాటరీ సెన్సర్, జమాఖర్చులు రాసే గుమాస్తా. లోపలికెంత కరెంటు పోయింది, బయటికెంత వచ్చింది, వోల్టేజీ ఎంత, వేడి ఎంత, అన్నీ రాస్తుంది. నిల్వ 70, 75 శాతం కిందికి దిగిందని గుమాస్తా చెబితే చాలా కార్లు ఇంజన్ ఆపడం మానేస్తాయి.

ఇక మీ నాలుగు కిలోమీటర్లు. అసలు దొంగ అక్కడున్నాడు. ఆ దూరానికి ఇంజన్ వేడెక్కడమే కష్టం, బ్యాటరీ నిండటం మరీ కష్టం. సీసం-ఆమ్లం బ్యాటరీ మొదట గబగబా తాగుతుంది, చివర్లో చుక్క చుక్కగా చప్పరిస్తుంది. ఆఖరి ఐదో వంతు నిండడానికి గంటలు పడుతుంది. మీరు దానికి రోజూ పది నిమిషాలే ఇస్తున్నారు. పైగా కొత్త కార్ల ఆల్టర్నేటర్లు బ్యాటరీని కావాలనే పూర్తిగా నింపవు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టుకోవడానికి కొంత చోటు ఖాళీ ఉంచుకుంటాయి. అందుకే ఇంజన్ ఆడుతుండగా మీటర్ పెడితే ఒక్కోసారి 12.8 వోల్టులే కనిపిస్తుంది. పాతకాలపు మెకానిక్ ఎవరైనా అది చూసి "ఆల్టర్నేటర్ పోయింది, మార్చెయ్" అంటే వెంటనే తలూపకండి. తొలిరోజుల్లో నేనే ఒకరికి అలా చెప్పి బాగున్న ఆల్టర్నేటర్ విప్పించాను.

మీరు చేయాల్సింది ఇదీ. సెలవు రోజున గంట, గంటన్నర ఆగకుండా దూరం వెళ్లి రండి, లేదా మంచి చార్జర్ పెట్టి రాత్రంతా వదిలేయండి. తర్వాత బండి నాలుగైదు గంటలు కదలకుండా ఉండాలి. అప్పుడు ఏ లైటూ వెలగకుండా చూసుకుని మల్టీమీటర్ పెట్టండి. 12.6, 12.7 ఉంటే నిండినట్టు. 12.4 ఉంటే ముప్పావు. 12.2కి దిగితే సగమే. మరుసటి రోజు నుంచి సిగ్నల్ దగ్గర ఏం చేస్తోందో గమనించండి. ఇంజన్ ఆగడం మొదలై, వారం పది రోజుల్లో మెల్లగా మానేస్తే బ్యాటరీది తప్పు కాదు, మీ నాలుగు కిలోమీటర్లదే. ఒకటి రెండు రోజులకే మానేస్తే బ్యాటరీ ముసలిదైంది. లోడ్ టెస్టు చేయించి మార్చుకోండి.

ప్రశ్న: పాత బ్యాటరీ బలహీనపడిందని కొత్తది వేయించాను. అదే సైజు, అవే ఆంపియర్లు. ఇరవై రోజులైంది, ఇంజన్ ఒక్కసారైనా ఆగలేదు. కొత్త బ్యాటరీ కూడా చెడ్డదేనా?

జవాబు: సైజు, ఆంపియర్లు చెప్పారు గానీ అసలైనది చెప్పలేదు. పాత బ్యాటరీ మీద ఏజీఎం అని గానీ ఈఎఫ్‌బీ అని గానీ అక్షరాలున్నాయా? స్టార్ట్-స్టాప్ కార్లకు కంపెనీ బిగించేవి సాధారణంగా ఈ రెండు రకాలే. ఏజీఎంలో ఆమ్లం కదిలే నీళ్లలా ఉండదు. పలకల మధ్య ఒత్తిగా పెట్టిన గాజునార దాన్ని పీల్చుకుని ఉంటుంది. ఈఎఫ్‌బీ మామూలు బ్యాటరీకి గట్టిపడిన అన్నలాంటిది, పలకల మీది ముద్ద రాలిపోకుండా అదనపు పొర ఉంటుంది. ఏజీఎం తీసిన చోట ఏజీఎమ్మే పెట్టాలి. ఈఎఫ్‌బీ తీసిన చోట ఈఎఫ్‌బీ పెట్టొచ్చు, ఏజీఎం పెట్టాలంటే మాత్రం కారు పుస్తకం ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. ఈ రెండిటి చోటా మామూలు బ్యాటరీ పెడితే రోజుకు ఇరవై సార్లు దించి నింపే చాకిరీకి అది తట్టుకోదు.

రెండో ప్రశ్న: బ్యాటరీ మార్చిన సంగతి కారుకు చెప్పారా? నవ్వకండి. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో నమోదు చేయాలి. లేకపోతే గుమాస్తా పాత బ్యాటరీ పద్దే రాసుకుంటూ పోతాడు. "ఈ ముసలిదానికి ఓపిక లేదు" అన్న పాత అభిప్రాయంతోనే కొత్తదాన్నీ చూస్తాడు. ఇంకొన్ని కార్లు వాటంతటవే నేర్చుకుంటాయి, కాకపోతే బండి కొన్ని గంటలు కదలకుండా నిద్రపోవాలి. ఇరవై రోజులంటే నేర్చుకునేవి ఈపాటికి నేర్చుకునే ఉండాలి. కాబట్టి మీది నమోదు చేయాల్సిన రకమేనని నా అనుమానం. బిగించినాయన దగ్గరికే తీసుకెళ్లి అడగండి.

ఈ గుమాస్తా విషయంలో నా పరువు పోయిన సంగతి ఒకటి. నా సొంత కారు ఇంజన్ ఆపడం మానేసింది. రాత్రి చార్జర్ పెట్టాను, పొద్దున్న చూస్తే 12.7. అయినా సిగ్నల్ దగ్గర ఆగదు. మళ్లీ చార్జింగ్, మళ్లీ అంతే. "ఈ కంప్యూటర్ బండ్లతో ఇదే చావు" అని కారు చేసినవాళ్లను తిట్టిపోశాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు కాసేపు విని, "మేస్త్రీ, చార్జర్ నల్ల క్లాంపు ఎక్కడ పెట్టారు?" అన్నాడు. ఎక్కడ పెడతాను, బ్యాటరీ నెగటివ్ మీదే. ముప్పై ఏళ్లుగా అక్కడే కదా పెట్టింది. "అందుకే మేస్త్రీ, మీరు పోసిన కరెంటంతా గుమాస్తాను దాటకుండా దొడ్డిదారిన పోయింది. ఆయన పుస్తకంలో జమ పడలేదు" అన్నాడు. నల్ల క్లాంపు బాడీకో ఇంజన్‌కో ఉండే ఎర్త్ బోల్టు మీద పెట్టాలి. అప్పుడే కరెంటు సెన్సర్ గుండా వెళుతుంది. జంపర్ కేబుళ్లతో బండి లేపినప్పుడూ అంతే. ఆ బోల్టు ఎక్కడుందో కారు పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. నేను ఆ పుస్తకం అట్ట కూడా తిప్పలేదు.

ప్రశ్న: ఎండలో ఏసీ వేసుకుని వెళితే ఇంజన్ అసలు ఆగదు. ఒకవేళ ఆగినా అరనిమిషంలో నేనేమీ చేయకుండానే లేస్తుంది. ఎందుకని?

జవాబు: ఏసీ కంప్రెసర్ చాలా కార్లలో ఇంజన్ బెల్టు మీదే తిరుగుతుంది. ఇంజన్ ఆగితే వచ్చేది గాలే, చల్లదనం కాదు. లోపల చల్లబరిచే కాయిల్ వేడెక్కగానే కారు ఇంజన్‌ను లేపుతుంది. మీ కారు సరిగ్గానే ఉంది. ఏసీ ఒకటి రెండు డిగ్రీలు పెంచి చూడండి, ఎక్కువసేపు ఆగుతుంది. చెమటలు కక్కుతూ పెట్రోల్ ఆదా చేయమని మాత్రం నేను చెప్పను.

ప్రశ్న: రాత్రి ఎనిమిదింటికి పెద్ద కూడలి. ఎర్ర లైటు పడింది, ఇంజన్ ఆగింది. పచ్చ లైటు పడ్డాక బ్రేకు వదిలాను, లేవలేదు. తెర మీద ఏదో వచ్చింది, చదివేలోపు వెనక హారన్ల మోత. చేతులు వణికిపోయాయి. రెండు మూడుసార్లు బటన్ నొక్కాక లేచింది. నెలలో ఇది రెండోసారి. ఆటోమేటిక్ గేరు కారు. సర్వీసులో చెబితే "మీరే ఏదో తప్పు నొక్కి ఉంటారు మేడం" అన్నారు. భయంతో కారు తీయడమే మానేశాను.

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నేను రెండుసార్లు చదివింది మీదే. "తప్పు నొక్కి ఉంటారు" అన్నది జవాబు కాదు. మీరు నిజంగా తప్పు నొక్కినా, ఏది నొక్కితే అలా అయిందో కనిపెట్టి చూపించడం వాళ్ల పని.

ముందు, మళ్లీ జరిగితే ఏం చేయాలో. బ్రేకు గట్టిగా నొక్కి అలాగే ఉంచండి. లివర్ పార్కింగ్‌లో పెట్టండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి, వెనకవాళ్ల హారన్ల సంగతి అవి చూసుకుంటాయి. అప్పుడు స్టార్ట్ బటన్ నొక్కండి. తనంతట తాను లేపలేకపోతే చాలా కార్లు ఆ పని మీకు అప్పగించేస్తాయి. డ్రైవ్‌లో ఉండగా బటన్ ఎంత నొక్కినా చాలా కార్లు సెల్ఫ్ కొట్టవు. మీరు రెండు మూడుసార్లు నొక్కాల్సి రావడానికి అదే కారణం కావచ్చు. ఒక జాగ్రత్త: ఇంజన్ లేనప్పుడు బ్రేకును పదే పదే తొక్కి వదలకండి. బూస్టర్‌లో ఉన్న నిల్వ కొన్ని తొక్కుళ్లకే అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

ఇప్పుడు కారణాలు. మొదట లోపం కానిదాన్ని తేల్చేద్దాం. ఆ రెండుసార్లూ సిగ్నల్ పడి ఉండగా వెనక సీటులో సంచి అందుకోవడానికో దేనికో బెల్టు తీశారా? తలుపు కాస్త తెరిచి మళ్లీ వేశారా? అలా చేస్తే డ్రైవరు దిగిపోతున్నారేమోనని చాలా కార్లు తమంతట తాము ఇంజన్ లేపడం మానేస్తాయి. తెర మీద వచ్చే సందేశం కూడా "మీరే స్టార్ట్ చేయండి" అనే అర్థంలోనే ఉంటుంది. గుర్తు తెచ్చుకోండి. అదే అయితే భయం లేదు.

అది కాకపోతే నేను ఈ వరసలో చూస్తాను. బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో తిప్పితే కదులుతున్నాయా? బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీలు తుప్పు పట్టాయా? ఈ రెండో పట్టీని ఎవరూ చూడరు, కిందెక్కడో బురదలో ఉంటుంది. కొన్ని కార్లలో స్టార్ట్-స్టాప్ కోసమే రెండో చిన్న బ్యాటరీ ఉంటుంది, సీటు కిందో డిక్కీలోనో. పెద్దది కొత్తగా మెరుస్తూ ఉన్నా ఆ చిన్నది చచ్చి ఉంటే ఇలాంటి వేషాలే వేస్తుంది. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ ఒకటి. ఆఖరున సెల్ఫ్ మోటారు బ్రష్‌లు.

సర్వీసులో "చెక్ చేయండి" అనకండి. అంటే మళ్లీ స్కానర్ పెట్టి పంపించేస్తారు. "హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, ఇంజన్ ఆపి, నిమిషం తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎంతకు పడిందో నా ఎదుట చూపించండి" అనండి. మీరు డ్రైవ్ చేసింది రాత్రి ఎనిమిదింటికి, లైట్లూ ఏసీ అన్నీ వేసుకుని. వాళ్లు చూసేది మధ్యాహ్నం షెడ్డులో, అన్నీ ఆపేసి. లోపం కనిపించకపోవడంలో ఆశ్చర్యమేముంది? వేడి మీదున్న ఇంజన్‌కు సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ 10 కిందికి జారితే నేను బ్యాటరీనీ వైర్లనూ అనుమానిస్తాను. జారకుండానే ఇంజన్ లేవకపోతే సెల్ఫ్ మోటారు, స్విచ్‌ల వైపు వెళ్తాను. మళ్లీ జరిగితే, బండి పక్కకు తీశాక, తెర మీది సందేశం ఫొటో తీసి పెట్టుకోండి.

కారణం తేలేవరకూ బండి ఎక్కగానే స్టార్ట్-స్టాప్ ఆపే బటన్ నొక్కేయండి. వృత్తంలో ఏ అనే అక్షరం, చుట్టూ బాణం ఉండే బటన్ అది. సాధారణంగా ప్రతి ప్రయాణానికీ మళ్లీ నొక్కాలి. కారు మాత్రం తీయండి. మానేస్తే ఆ బ్యాటరీ ఇంకా పడిపోతుంది.

ప్రశ్న: మావారు కారు ఎక్కగానే మొదట ఆ బటన్ నొక్కి స్టార్ట్-స్టాప్ ఆపేస్తారు. ఊరికే ఆపి లేపితే ఇంజన్ అరుగుతుందని, సెల్ఫ్ పోతుందని. నేను నడిపేటప్పుడు ఉంచుతాను, పెట్రోల్ ఆదా కదా అని. మీరే తీర్పు చెప్పండి.

జవాబు: మొగుడూ పెళ్లాల మధ్యకు రావడం నాకలవాటు లేదు గానీ లెక్క చెప్పగలను.

చిన్న పెట్రోల్ ఇంజన్ ఊరికే ఆడుతూ నిలబడితే గంటకు 0.7 లీటరు తాగుతుందనుకోండి. 45 సెకన్ల సిగ్నల్‌కు అది తొమ్మిది మిల్లీలీటర్లు, రెండు చెంచాలు కూడా లేదు. రోజుకు అలాంటివి పన్నెండు తగిలితే 105 మిల్లీలీటర్లు. మీ ప్రయాణమంతా సిగ్నళ్ల మధ్యే అయితే ఏడాది తిరిగేసరికి కనిపించే మొత్తమే. హైవే మీద తిరిగేవాళ్లకు దాదాపు సున్నా. వేడి ఇంజన్‌ను తిరిగి లేపడానికి పట్టే పెట్రోల్ పది సెకన్లు ఊరికే ఆడించినంత కూడా ఉండదు, అంతకు మించి ఆగితే లాభమే.

అరుగుదల సంగతి. మీవారు చెప్పేది మామూలు కారుకైతే అక్షరాలా నిజం. ఇంజన్ లోపలి ఇరుసు, అదే క్రాంక్ షాఫ్టు, తిరుగుతున్నంతసేపూ ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆగితే బేరింగ్ మీదికి దిగుతుంది. మళ్లీ తిరిగేటప్పుడు మొదటి క్షణం లోహం లోహాన్ని రాసుకుంటుంది. రోజుకు రెండుసార్లు ఆగే ఇంజన్‌కు ఇది లెక్కలోది కాదు, ఇరవై సార్లు ఆగేదానికి లెక్కే. ఈ విషయం తయారుచేసినవాళ్లకూ తెలుసు. అందుకే స్టార్ట్-స్టాప్ ఇంజన్లకు రాపిడిని తట్టుకునే పై పూత ఉన్న బేరింగులు వాడుతున్నారు. మామూలు సెల్ఫ్ మోటారును 50,000 స్టార్టుల లెక్కన చేస్తే, వీటిలోవాటిని 2,00,000కు పైన లెక్కపెట్టి చేస్తారు. రోజుకు ఇరవై చొప్పున ఏడాదికి మూడొందల రోజులు తిరిగినా పదేళ్లకు అయ్యేవి 60,000. ఇంకొకటి, చల్లటి ఇంజన్‌ను ఈ ఏర్పాటు ఆపదు. అరుగుదల ఎక్కువుండేది పొద్దుటి తొలి స్టార్టులో, ఆయిల్ అంతా కిందికి దిగి ఉన్నప్పుడు. దాన్ని మీవారూ తప్పించలేరు కదా.

ఇది నిన్న మొన్న మొలిచిన సోకు అనుకునేవాళ్ల కోసం: 1973 చమురు కరువు వెనకాలే, 1974లో టయోటా తన క్రౌన్ కారులో ఇంజన్ తనంతట ఆగే ఏర్పాటు పెట్టింది. 1980ల్లో ఫియట్ రెగాటాలో వచ్చింది. 2004లో సిట్రోయెన్ సీ3లో ఆల్టర్నేటరే సెల్ఫ్ మోటారు పని కూడా చేసే రకం వచ్చింది. యాభై ఏళ్లుగా నలుగుతున్న ఆలోచన ఇది.

కాబట్టి పొడుగాటి సిగ్నళ్లున్న దారిలో మీ మాట నెగ్గాలి. అడుగు కదిలి అడుగు ఆగే ట్రాఫిక్‌లో ఆయన మాట నెగ్గాలి, అక్కడ ఆగేదే మూడు సెకన్లు. ఒక షరతు ఇద్దరికీ: పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోయాలి, చెప్పిన గడువుకు మార్చాలి. ఆ ఖర్చు మిగుల్చుకుని బటన్ గురించి వాదించుకుంటే ఇద్దరూ ఓడినట్టే.

ప్రశ్న: బండి పూర్తిగా ఆగీ ఆగక ముందే ముందువాడు కదులుతాడు. నేను వెంటనే బ్రేకు వదులుతాను. ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత గట్టి కుదుపు. గేర్‌బాక్స్ పోతోందా?

జవాబు: గేర్‌బాక్స్ కాదు, మీరు మనసు మార్చుకున్నారు, సెల్ఫ్ మోటారు ఇంకా మార్చుకోలేదు. సెల్ఫ్ ముందు చిన్న పళ్లచక్రం ఉంటుంది, మా భాషలో బెండెక్స్. అది ముందుకు జరిగి ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం చుట్టూ ఉన్న రింగ్ గేర్ పళ్లలో ఇరుక్కోవాలి. ఇంజన్ ఆగుతూ ఇంకా తిరుగుతుంటే ఆ పళ్లలోకి దూరడం కుదరదు, దూరితే పళ్లు విరుగుతాయి. కాబట్టి వేగం చచ్చేదాకా ఎదురుచూడాలి. మీకు దొరికిన ఆ శూన్యమైన క్షణం అదే. కొన్ని కార్లలో బెండెక్స్‌ను తోసే పనినీ మోటారు తిప్పే పనినీ వేరు చేసి, ముందు మోటారును ఇంజన్ వేగానికి తెచ్చి తర్వాత పళ్లు కలుపుతారు. ఆల్టర్నేటరే బెల్టుతో ఇంజన్‌ను లేపే రకం వాటిలో పళ్లే కలపనక్కర్లేదు, అందుకే అవి మెత్తగా లేస్తాయి. మాజ్దా వాళ్లయితే 2009లో ఇంకో దారి పట్టారు. పిస్టన్లను తమకు కావాల్సిన చోట ఆపి, లేపేటప్పుడు సిలిండర్లోకి నేరుగా పెట్రోల్ చిమ్మి మండిస్తారు, సెల్ఫ్ ఊతమిస్తుందంతే.

మీ బండిలో ఇవేవీ లేకపోతే చిట్కా ఒకటుంది. చాలా ఆటోమేటిక్ కార్లలో బ్రేకు గట్టిగా నొక్కితేనే ఇంజన్ ఆగుతుంది. ముందువాడు కదిలేలా ఉంటే బండి నిలబడడానికి సరిపడా మాత్రమే నొక్కండి. వారం రోజుల్లో కాలికి ఆ కొలత వచ్చేస్తుంది.

ప్రశ్న: ప్రతిసారీ బటన్ నొక్కే బాధ లేకుండా శాశ్వతంగా ఆపేసే పరికరం దొరుకుతోంది. పెట్టించుకోనా? కొందరు బ్యాటరీ సెన్సర్ వైరు పీకేస్తే చాలంటున్నారు.

జవాబు: వైరు మాత్రం పీకకండి. గుమాస్తాను గెంటేస్తే ఇంజన్ ఆగకపోవచ్చు గానీ బ్యాటరీకి ఎంత చార్జింగ్ ఇవ్వాలో కూడా కారుకు తెలియదు. పరికరం సంగతి, వారంటీలో ఉన్న బండికయితే వద్దు. వైరింగు కోసి అతికించే రకాన్ని వారంటీ దాటాక కూడా నేను చేయను. బటన్ ప్రతిసారీ మొదటికి రావడానికి కారణం ఉంది. మైలేజీ, పొగ పరీక్షలు స్టార్ట్-స్టాప్ పనిచేస్తుండగా చేసినవి. ఆ అంకెలు నిలవాలంటే బండి ఎప్పుడూ అదే స్థితిలో మొదలవ్వాలి. కొన్ని కార్లలో మెనూలో గుర్తుంచుకునే వీలుంటుంది, ముందది వెతకండి.

ప్రశ్న: మా నాన్నగారు గ్యారేజీలో కారు పెట్టి, ఇంజన్ ఆగిందని దిగి లోపలికి వచ్చేశారు. గంట తర్వాత చూస్తే ఇంజన్ ఆడుతోంది. ఇది ప్రమాదం కాదా?

జవాబు: ప్రమాదమే, ఇందులో తమాషా ఏమీ లేదు. మూసిన గ్యారేజీలో ఆడే ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. ఇంజన్ శబ్దం ఆగితే బండి ఆగినట్టే అని నాన్నగారి తరం చెవులకు అలవాటు, నా చెవులకూ అంతే. స్టార్ట్-స్టాప్ ఆపింది తాత్కాలికంగానే, బ్యాటరీ తగ్గినా క్యాబిన్ వేడెక్కినా మళ్లీ లేవగలదు. తలుపు తెరవగానే కీచుమని అరిచే కార్లున్నాయి, పూర్తిగా ఆపేసేవీ ఉన్నాయి, కానీ అన్నీ ఒకేలా ఉండవు. మీటర్ తెర మీద దీపాలన్నీ ఆరాయా లేదా చూసి దిగమనండి. ఇంట్లో పార్కింగ్ చేసే ముందు ఆ స్టార్ట్-స్టాప్ బటన్ నొక్కేయమనండి, ఇంజన్‌ను తన చేత్తోనే ఆపినట్టవుతుంది. గ్యారేజీకి ఇంట్లోకి తలుపుంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఈ వారమే పెట్టించండి.

చివరగా, పోయిన నెల ఇదే సమస్యతో రాసిన పాఠకుడి నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. ఆయనకు నేను బ్యాటరీ, సెన్సర్, ఎర్త్ పట్టీ, ఏసీ, బ్రేకు వ్యాక్యూమ్, ఇంజన్ వేడి, ఈ ఆరూ చూడమని రాశాను. ఆరూ చూశారట, ఆరూ బాగున్నాయట. ఒకరోజు కారు కడుగుతూ బానెట్ తాళం దగ్గర గడ్డకట్టిన బురద గోకి తీసేశారట. మర్నాడు మొదటి సిగ్నల్ దగ్గరే ఇంజన్ ఆగింది. బానెట్ మూసి ఉందో లేదో చెప్పే స్విచ్ బురదలో ఇరుక్కుని, ఇన్నాళ్లూ బానెట్ తెరిచే ఉందని కారుకు చెబుతోందన్నమాట. ఉత్తరం కింద ఆయన ఇలా రాశారు: "మీ పట్టికలో ఏడోది చేర్చుకోండి." చేర్చుకున్నాను.